బతికున్న మనిషికి నా నివాళి

నా గొంతు బాగుంటుందని నాకు చిన్నప్పటినుంచీ ఒక నమ్మకం. ఎవరు చెప్పారో గుర్తు లేదు. ఎవరూ చెప్పకుండానే నేనే అనుకున్నానేమో. ఆ నమ్మకంతోనే తిరుపతి నుంచి పాకాల పోయే దారిలో ఒక కాలేజీ ఆవరణలో ఉన్న చిన్న కమ్యూనిటీ రేడియోలో అనౌన్సరుగా చేరాను. మాది పెద్ద స్టేషనేమీ కాదు. చుట్టుపక్కల పల్లెలకు వినిపిస్తుంది, పాకాల దాటితే గరగరమంటుంది. అయినా సరే, మైకు ముందు కూర్చున్నానంటే దేశమంతా చెవులు రిక్కించి నన్నే వింటున్నట్టు మాట్లాడేవాణ్ణి.

"ఇంట్లో పిలిస్తే ఊ అని గూడా అనవు. ఆడ మైకు కనపడితే సాలు, మాటలు యాడి నుంచి పుట్టుకొస్తాయో ఏమో!" అని మా ఆవిడ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది. నిజమే. మైకు ఎదురు మాట్లాడదు కదా, అందుకని నాకు అదంటే ఇష్టం.

ఇలా ఉండగా మా స్టేషన్‌కు ఆటోమేషన్ వచ్చింది. అంటే ఒక కంప్యూటరు. ముందే రికార్డు చేసిపెట్టిన కార్యక్రమాలను వేళకు తనంతట తానే వేసుకుంటూ పోతుంది. ఆదివారాలు, పండగరోజులు ఎవరూ రానక్కరలేదు. తలుపుకు తాళం వేసుకుని ఇంటికి పోవచ్చు. స్టేషన్ బాధ్యత చూసే మేడం దాన్ని తెప్పించి, "ఎవరు నేర్చుకుంటారు?" అని అడిగారు. పదిమందిలో అందరికంటే ముందు చెయ్యెత్తినవాణ్ణి నేనే. ఆ చెయ్యి ఆ రోజు జేబులో పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో.

మొదట్లో దాని తిక్కలు అంతా ఇంతా కాదు. ఒకరోజు పొద్దున కరెంటు పోయింది, మళ్ళీ సాయంత్రం ఎప్పటికో వచ్చింది. కంప్యూటరు పొద్దున ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకుంది. పొద్దు గూకే వేళ, ఆవులు ఇళ్ళకు మళ్ళే వేళ, నా గొంతు హుషారుగా "శుభోదయం! నిద్ర లేచారా?" అని పల్లెలన్నిటినీ పలకరించింది. ఒకామె స్టేషన్‌కు ఫోన్ చేసి, "ఏమప్పా, ఇప్పుడే లేస్తివా? మీ ఇంట్లో ఆడోళ్ళు మంచోళ్ళబ్బా, ఇంతసేపు పండుకోనిచ్చినారు" అంది. ఇంకోసారి వానలో తడిసి ముద్దవుతున్న జనానికి నా గొంతు ఎండలో గొడుగు వేసుకుని పొమ్మని సలహా ఇచ్చింది. ఆ గొడుగు మాట మాత్రం కాకతాళీయంగా పనికొచ్చింది. ఇవన్నీ చిన్న చిన్న తప్పులు. వీటికి మేడం మందలించేవారు, నేను తల గోక్కునేవాణ్ణి, అంతటితో సరి.

అసలు తప్పుకు మూలం నా ప్రాస పిచ్చి. మా స్టేషన్‌లో స్థానిక కళాకారులకు రెండు కార్యక్రమాలుండేవి. బతికున్నవాళ్ళ పాటలు వేసేదానికి 'శ్రుతి' అనీ, కాలం చేసినవాళ్ళ పాత రికార్డింగులు వేసేదానికి 'స్మృతి' అనీ పేర్లు పెట్టింది నేనే. శ్రుతి, స్మృతి! ఎంత చక్కగా కుదిరిందో అని కొన్నాళ్ళు నా కాలు నేల మీద ఆనలేదు. కంప్యూటర్లో ఆ పేర్లతోనే రెండు ఫోల్డర్లు చేశాను. పాటను ఏ ఫోల్డరులో వేస్తే దానికి తగిన ముందుమాట, చివరిమాట కంప్యూటరే అతికిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఆ రెండు పేర్లకూ తేడా ఒక్క 'ఎమ్'. ఆ ఒక్క అక్షరమే బతుక్కీ చావుకీ మధ్య గోడ అని నా బుర్రకు తట్టలేదు.

'స్మృతి' ముందుమాటను నేను ప్రత్యేకంగా జలుబు చేసినరోజు చూసుకుని రికార్డు చేశాను, గొంతు బొంగురుగా, బాధగా ఉంటుందని. "మన మధ్య భౌతికంగా లేకపోయినా, తమ గానంతో మన గుండెల్లో చిరంజీవిగా నిలిచిన ఈ మహనీయునికి అశ్రునయనాలతో నివాళి..." అని మొదలయ్యేది. 'అశ్రునయనాల' దగ్గర చిన్న వణుకు కూడా పెట్టాను. నాలుగైదుసార్లు చేస్తేగానీ ఆ వణుకు కుదరలేదు.

పాకాల దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దాయన ఉండేవాడు. చెక్కభజన గురువు. చేతుల్లో చెక్కలు ఆడిస్తూ, వరుసల్లో అడుగులేస్తూ పాడే ఆ భజనను ఆ పక్క పల్లెలన్నిటికీ నేర్పింది ఆయనే. ఒకప్పుడు ఆయనా, ఆయన తమ్ముడూ జంటగా పాడేవాళ్ళట. తిరునాళ్ళలో వాళ్ళ జట్టు వచ్చిందంటే పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని మరీ చూసేవాళ్ళట. పెద్దాయన కూతురి పెళ్ళిలో హడావుడిలో ఎవరో తమ్ముణ్ణి మొదటి బంతికి పిలవడం మరిచిపోయారు. తమ్ముడు తినకుండా లేచిపోయాడు. అంతే, మాటల్లేవు. పక్కపక్క ఊళ్ళు, నడుమ రైలు కట్ట మాత్రమే అడ్డం. చావుకీ పెళ్ళికీ కూడా ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

'శ్రుతి' కోసం పాడమని నేను ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒప్పుకోలేదు. ఒకరోజు ఉన్నట్టుండి తన జట్టును వెంటబెట్టుకుని తానే స్టేషన్‌కు వచ్చేశాడు.

"మావాడింట్లో పొద్దన్నుంచి మీ రేడియోనే మోగతా ఉంటాదంట. ఆ పక్క పొయ్యొచ్చినోళ్ళు చెప్తాండారు. నా మొగమైతే సూడడు. గొంతన్నా ఇంటాడేమో సూద్దామని వచ్చినా" అన్నాడు.

పాడి, పోతూ పోతూ వాకిట్లో ఆగి, "వాడు ఇంటాడంటావా?" అని అడిగాడు. "ఎందుకు వినడు పెద్దాయనా? ఆదివారం పొద్దున, మళ్ళీ సాయంత్రం, రెండుసార్లు వేస్తాం. అంతా నేను చూసుకుంటా గదా" అని రొమ్ము విరుచుకుని చెప్పాను. చూసుకున్నాను. శనివారం ఇంటికి పోయే తొందరలో ఆ పాటను తీసుకుపోయి 'ఎమ్' ఉన్న ఫోల్డరులో పడేసి, తాళం వేసుకుని వెళ్ళిపోయాను.

ఆదివారం పొద్దున మా ఇంట్లో నాటుకోడి పులుసు, రాగి సంగటి. రేడియో శబ్దం పెంచి కూర్చున్నాను, పక్కింటివాళ్ళకు కూడా వినపడాలి కదా. నా గొంతు మొదలైంది. "మన మధ్య భౌతికంగా లేకపోయినా..." ఎంత బాగా చెప్పాను! 'అశ్రునయనాల' దగ్గర వణుకు వచ్చేసరికి నా గొంతుకు నాకే కళ్ళు చెమర్చాయి. ఒట్టు, నిజంగానే చెమర్చాయి. తర్వాత పెద్దాయన పాట మొదలైంది. సంగటి ముద్ద గొంతులోనే ఆగిపోయింది.

"అయ్యో, ఆ పెద్దాయన పోయినాడా? నాకు చెప్పనే లేదే!" అంది మా ఆవిడ.

"పోలేదు."

"నువ్వే గదా చెప్తాండావు?"

"నేను యాడ చెప్తాండా? నేను ఈడ సంగటి తింటాండా!"

"మరి అదెవురు మాట్లాడేది?" అని ఆమె రేడియో వైపు చూసింది, నా వైపు చూసింది.

చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా బండి తీశాను. స్టేషన్‌కు పోయి ఆపుదామంటే, నేను పోయేలోపు 'వారి ఆత్మకు శాంతి కలగాలని' కూడా అయిపోతుంది. పెద్దాయనకు ఫోన్ చేస్తే ఎడతెగకుండా బిజీ. నాకు ఒకటే భయం. తమ్ముడు వినాలని ఆశపడి పాడినవాడు ఆయన. ఇప్పుడు ఆ తమ్ముడు నిజంగా విని ఉంటే ఏం విని ఉంటాడు? విని, గుండె పట్టుకుని ఏమైనా అయితే? నేరుగా పెద్దాయన ఊరికే పోనిచ్చాను.

దారిలో రైలు గేటు పడింది. నా పక్కనే ఇంకో బండి ఆగింది. దాని హ్యాండిలుకు పెద్ద బంతిపూల మాల వేలాడుతోంది.

"నువ్వూ ఆ భజన గురువు ఇంటికేనా అప్పా?" అన్నాడు బండిమీదాయన.

ఊ అన్నాను.

"మంచి మనిషప్పా. రేడియోలో ఎవుడో యేడ్సుకుంటా చెప్పినాడు. వాడి గొంతు ఇంటే నాకే కడుపు తరుక్కపోయింది. సొంత మనిషి పోయినట్టు ఎంత యేడ్సినాడో పాపం."

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా నాకు లోపల కొంచెం సంతోషమేసింది. ఇలాంటి మనిషికి మైకు ఇచ్చిన ఆ మేడంను అనాలి అసలు.

పెద్దాయన ఇంటి ముందు జనం. ఆయన మాత్రం అరుగు మీద నిక్షేపంగా కూర్చుని, వచ్చినవాళ్ళకల్లా "నేను బాగుండా, బాగుండా" అని చెప్పుకుంటున్నాడు. బండిమీదాయన ఒక నిమిషం నోరు తెరుచుకుని నిలబడి, "తెచ్చినాం గదా, ఏసేస్తే పోతాది" అని ఆ మాలను బతికున్న మనిషి మెడలోనే వేశాడు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేను కూడా ఒక మూల నుంచి నవ్వబోయేలోపు ఇంట్లోనుంచి పెద్దాయన భార్య చేట పట్టుకుని బయటికి వచ్చింది.

"నువ్వేనా ఆ రేడియోవోడివి? నీ నోట్లో మన్ను పొయ్యా! ఆయన సేనుకాడికి పొయ్యుంటే నేనొక్కదాన్నే కూసోని ఇన్నానబ్బా! ఆయన తిరిగొచ్చేదాకా నా పాణం పాణంలో లేదు! నా బొట్టు తుడిపించేదానికి వస్తివా మా ఇంటికి?" అంటూనే ఆమె ఏడ్చేసింది. చేటతో కొట్టి ఉన్నా నాకు అంత బాధ కలిగేది కాదు. తల వంచుకుని చేతులు జోడించాను.

"పోనీలే, యేదో పొరబాటు" అని పెద్దాయన ఆమెను లోపలికి పంపి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మాట్లాడుతున్నాడేగానీ చూపంతా దారి మీదే ఉంది. మలుపులో బండి చప్పుడైతే చాలు, మాట ఆపేసి తల ఎత్తుతున్నాడు. బండి దగ్గరికి వచ్చాక తల దించుకుంటున్నాడు. కాసేపటికి నాకు అర్థమైంది.

"అందురూ వచ్చినారు నాయనా" అన్నాడు మెల్లగా. "ఎన్నడూ నాతో మాట్లాడనోళ్ళు గూడా వచ్చినారు. వాడొక్కడే రాలేదు."

"వినుండడు పెద్దాయనా."

"ఇనుంటాడు. వాడింట్లో రేడియో ఆపరంట." మెడలోని మాల పూరేకులు తుంచాడు. "సచ్చినానన్నా రాలేదంటే, రేపు నేను నిజంగా పోయినప్పుడూ రాడన్న మాటే గదా."

నా మీద నాకే అసహ్యం వేసింది. ఏ మనిషికైనా ఇలాంటి సంగతి బతికుండగా తెలియకూడదు. నేను తెలిసేలా చేశాను.

"సాయంత్రం మళ్ళా ఏస్తారంటివి గదా?" అన్నాడు.

"లేదు లేదు, ఇప్పుడే పోయి ఆపేస్తాను."

"ఆపొద్దు. ఆ యాళకన్నా ఇంటాడేమో. ఇంకోసారి సచ్చిపోతే నాకేం నొప్పి పుడతాదా?"

అప్పుడే మేడం ఫోన్. అప్పటికే ఆమెకు ఎందరు ఫోన్లు చేశారో, గొంతు వింటేనే తెలిసిపోయింది. సాయంత్రం ఆ రికార్డింగు వెయ్యడానికి వీల్లేదనీ, పెద్దాయనను స్టూడియోకు తీసుకొచ్చి, ఆయన బతికే ఉన్నాడని లైవులో చెప్పి క్షమాపణ అడగాలనీ, లేకపోతే రేపటినుంచి నా గొంతు ఆ స్టేషన్‌లో వినపడదనీ చెప్పి పెట్టేశారు. పెద్దాయన అంతా విని, "సరేలే, నీ పని పోగొట్టేదెందుకు? బతికినానని నేనే చెప్తా పద" అని చొక్కా మార్చుకున్నాడు. మాల మాత్రం తియ్యలేదు.

సాయంత్రం స్టూడియోలో ఆయన్ను మైకు ముందు కూర్చోబెట్టి, కంప్యూటరును పక్కకు పెట్టి, ప్రసారం నడుస్తోందని చెప్పే ఎర్రదీపం వెలిగించాను. లైవులో మాట్లాడి ఎన్నాళ్ళైందో. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. "శ్రోతలకు నమస్కారం. మన మధ్య భౌతికంగా... ఉన్న..." అనేశాను. ఆ పాడు వాక్యం నాలుక్కు అతుక్కుపోయింది మరి. పెద్దాయన నన్నొకసారి ఎగాదిగా చూసి, మైకును తనవైపు లాక్కున్నాడు.

"నేను సావలేదు. ఈయప్పే సంపినాడు. మళ్ళా బతికించినాడు. ఎవురూ బాదపడబాకండి" అన్నాడు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, ఉన్నట్టుండి పాట ఎత్తుకున్నాడు. పొద్దున వేసిన పాట కాదు. నేనెప్పుడూ వినలేదు.

"ఎర్రగిత్త యాడ బాయె తమ్ముడా... ఏటిగడ్డ ఎండిపాయె తమ్ముడా..."

అక్కడ ఆగాడు. మైకు వైపు చూస్తూ ఊరుకున్నాడు. మరిచిపోయాడేమోనని, పాడండి పాడండి అని చేత్తో సైగ చేశాను. ఆయన కాదన్నట్టు తల ఊపాడు. అప్పుడు వెలిగింది నాకు. అది ఇద్దరు పాడే పాట. ఒకరు అడగాలి, రెండోవాళ్ళు జవాబు పాడాలి. ఆయన అడిగాడు. జవాబు కోసం చూస్తున్నాడు. ఆయనకు తెలుసు, అటువైపు నుంచి ఏమీ రాదని. అయినా చూస్తున్నాడు. జన్మలో మొదటిసారి మైకు ముందు మౌనంగా ఉండాలనిపించింది, ఉన్నాను కూడా.

కానీ ఆ కంప్యూటరుకు ఒక గుణం ఉంది. ప్రసారంలో కొంచెంసేపు ఏ శబ్దమూ లేకపోతే, స్టూడియోలో ఏదో అయిపోయిందనుకుని, తన దగ్గరున్న ప్రకటనల్లోంచి ఒకటి తీసి తనంతట తానే వేసేస్తుంది. లైవుకు ముందు ఆ ఏర్పాటు ఆపెయ్యాలి. కంగారులో నేను ఆపలేదు. ఆపి ఉంటే నేను నేనెట్లా అవుతాను?

"ఎర్రగిత్త యాడ బాయె తమ్ముడా" అని ఆయన అడిగిన ప్రశ్నకు, స్టూడియో అదిరిపోయేటట్టు నా గొంతే జవాబు చెప్పింది. "రైతు సోదరులకు గమనిక! మీ పశువులను వెంటనే దగ్గరలోని పశువుల ఆసుపత్రికి తోలుకుపొండి! గాలికుంటు టీకాలు వేయించండి!"

ఆ మీట నొక్కి, ఈ మీట నొక్కి, చివరికి కంప్యూటరు వైరు పీకి ఆపాను. పెద్దాయన నవ్వలేదు, తిట్టలేదు. చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "సాల్లే నాయనా. ఇంటికి పోదాం" అన్నాడు. లేవడానికి బల్ల పట్టుకున్నాడు. పొద్దున చచ్చిపోయాడని చెప్పినప్పుడు కూడా ఆ మొహంలో అంత నీరసం లేదు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు ఫోన్ మోగింది. మేడమే అనుకున్నాను, ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉందని మరిచిపోయి స్పీకరు నొక్కాను.

అటువైపు నుంచి ఊపిరి మాత్రం వినపడుతోంది.

"మాయన్న ఉండాడా ఆడ?" అంది ఒక ముసలి గొంతు. "నిజంగానే ఉండాడా? మళ్ళా అది గూడా మిషనేనా?"

పెద్దాయన సగం లేచినవాడు అలాగే నిలబడిపోయాడు. ఫోన్ వైపు వంగి, "ఉండా" అన్నాడు. తర్వాత కోపంగా, "పొద్దున రాకపోతివే?" అన్నాడు.

"బయల్దేరినా. గడప దాటేలోగా కాళ్ళు సచ్చుబడి కూలబడిపోయినా. నిన్ను ఆ మాదిరి సూడలేక... లేసేదానికి శాతగాలేదన్నా."

పెద్దాయన మూతి బిగించుకున్నాడు. "మరి ఇప్పుడెందుకు చేస్తివి?" అన్నాడు.

"ఎందుకేందన్నా? గిత్త యాడ బాయెనని నువ్వు అడిగితివి గదా! ఆడ పాడాల్సిన వరస నాది. వాడెవుడో పశువుల డాక్టరు నడమ దూరి అరస్తా ఉంటే, ఇంట్లో కూసోని ఎట్లా ఊరకుండేది?"

పెద్దాయన కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్‌ను మైకు దగ్గరికి జరిపాడు.

"సరే, ఎత్తుకో" అన్నాడు.